ఎగ్జిమా ఉన్న పాపకు పథ్యం ఎంతవరకు అవసరం?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి):
మా పాపకు రెండో ఏడు నడుస్తోంది. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం ఎర్రబడి, రాత్రంతా గోక్కుంటూ నిద్రపోవడం లేదు. వైద్యులు అటోపిక్ ఎగ్జిమా అని చెప్పి, పూత మందు, మాయిశ్చరైజర్ రాసిచ్చారు. మా అత్తయ్యగారు మాత్రం వంకాయ, గోంగూర, గుడ్డు, వేరుశనగ మాన్పించారు. ఇప్పుడు పాలు, పెరుగు కూడా ఆపుదామంటున్నారు. ఆవిడ ప్రేమకొద్దీ చెబుతున్నారని తెలుసు, కానీ ఇన్ని మానేస్తే పాప ఏం తిని ఎదుగుతుందన్నదే నా దిగులు. పథ్యంతో ఇది నిజంగా తగ్గుతుందా?

జవాబు (పిల్లల వైద్యురాలు):
అమ్మా, పాలు, పెరుగు మీ అంతట మీరు ఆపకండి. చర్మం పైపొర బలహీనపడి తేమను నిలుపుకోలేకపోవడం ఈ జబ్బులో ప్రధానమైన లోపం. కొందరిలో ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యులోపం దీనికి ఒక కారణం. ఆహార అలర్జీ ఎక్కువగా తోడయ్యేది జబ్బు తీవ్రంగా ఉన్న పసిపిల్లల్లో. వారిలోనూ పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ వంటివే తరచుగా కారణమవుతాయి తప్ప, వంకాయ, గోంగూర కాదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే అలర్జీని అనుమానించాలి. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. అనుమానం బలంగా ఉంటే ఒక్క పదార్థాన్ని మాత్రమే కొన్ని వారాలు ఆపి, తిరిగి పెట్టి చూస్తాం. తిరిగి పెట్టకపోతే ఆ పరీక్ష పూర్తి కానట్టే. ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఒక ఆహారాన్ని చాలాకాలం దూరం పెడితే, అది మళ్లీ తిన్నప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది. అందుకే గుడ్డు, వేరుశనగ మళ్లీ మొదలుపెట్టే ముందు మీ వైద్యులను తప్పక అడగండి.

జవాబు (వరంగల్ నుంచి ఒక తల్లి):
మా బాబుకు ఆహారంలో ఏదీ మాన్పించలేదు. సున్నిపిండితో నలుగు పెట్టడం ఆపి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ దండిగా రాస్తున్నాం. దురద బాగా తగ్గింది.

జవాబు (పిల్లల వైద్యురాలు):
నలుగు ఆపడం మంచి పని. పగిలిన చర్మాన్ని పిండితో రుద్దితే ఒరిసిపోవడమే కాక, ఆహారపు ప్రొటీన్లు చర్మం గుండా లోపలికి చేరి అలర్జీకి దారితీయవచ్చు. వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించిందని 2003లో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం గుర్తించింది. అదే వేరుశనగను పసితనంలోనే నోటి ద్వారా అలవాటు చేస్తే ఆ అలర్జీ రావడం తగ్గుతుందని 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనం చూపింది.

ప్రశ్న అడిగిన తల్లి:
ధన్యవాదాలండీ. పాప ఇదివరకు గుడ్డు తిన్నప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ సంగతి వైద్యులకు చెప్పి అడుగుతాను. అత్తయ్యగారిని కూడా వెంట తీసుకువెళతాను. పెరుగన్నం మాత్రం ఆపడం లేదు.