రెండో స్క్రీన్‌కు పోంగనే లేజీ ఎక్సెప్షన్ – ఆ సెట్టింగ్ ఆన్ చేస్తే తప్పేంది?

కాజీపేట_జావా:
ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి షాపులకు తక్‌పట్టీలు (రైతు సరుకు లెక్క చీటీలు) తీసే అప్లికేషన్ మాది. మొదటి స్క్రీన్‌ల రైతును ఎంచుకుంటం, ఆ ఆబ్జెక్ట్‌ను లాగిన్ సెషన్‌ల దాస్తం. రెండో స్క్రీన్‌ల ఆయన లాట్లు చూపియ్యాలె. అప్పటికే హైబర్నేట్ (డేటాబేస్ రికార్డులను జావా ఆబ్జెక్టులుగ తెచ్చే లైబ్రరీ) సెషన్ మూతపడ్డది, రైతు డిటాచ్ అయిండు, అంటే డేటాబేస్‌తోని లింకు తెగింది. లాట్ల లిస్టు లేజీ, ముట్టుకున్నప్పుడే వస్తది. లిస్టు ముట్టుకోంగనే ‘లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్’. సెషన్ మూతపడ్డా లిస్టు తెచ్చే ‘ఎనేబుల్ లేజీ లోడ్ నో ట్రాన్స్’ సెట్టింగ్‌ను ట్రూ చేసిన, ఒక్క లైన్‌తోని పనైంది. మా సీనియర్ తియ్యమంటుండు. ఎందుకు తియ్యాలె?

మడికొండ_పార్క్:
ఓపెన్ ఇన్ వ్యూ (పేజీ తయారయ్యేదాక సెషన్ తెరిచి ఉంచుడు) పెట్టు అన్నా. స్ప్రింగ్ బూట్‌ల డీఫాల్ట్‌గ ఆన్‌లనే ఉంటది.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
అది ఒక్క రిక్వెస్ట్ అయిపోయేదాకనే. ఇక్కడ ఆబ్జెక్ట్ ఇంకో రిక్వెస్ట్‌లకు పోతుంది, చదివి రాయరాదా. జావా తమ్మీ, ఆ సెట్టింగ్ తియ్యి. రెండు వందల మంది రైతుల లిస్టు తిప్పితే రెండు వందల సార్లు తాత్కాలిక సెషన్ తెరుస్తది, ప్రతిసారి పూల్ (తయారుగ ఉంచిన డేటాబేస్ కనెక్షన్ల గుంపు) నుంచి కనెక్షన్ అడుగుతది. ఆ పూల్ నడిపే హికారీల డీఫాల్ట్ పది కనెక్షన్లే.

కాజీపేట_జావా:
సెషన్ తెరిచి ఉన్నా గన్నే క్వెరీలు పోతయి కదా? ఎన్ ప్లస్ వన్ (లిస్టుకు ఒక క్వెరీ, మళ్ల ఒక్కొక్కనికి ఒకటి) తప్పు సెట్టింగ్ మీద రుద్దుతున్నవ్.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
క్వెరీలు గన్నే. కనెక్షన్ తీసుకునుడు, ఇచ్చుడు గన్నేనా?

కాజీపేట_జావా:
నా స్క్రీన్‌ల ఒక్క రైతే ఉంటడు. రెండు వందలు ఏడికెల్లి తెచ్చినవ్?

భద్రకాళి_బండ్:
పాప్‌కార్న్ తెచ్చుకున్న 🍿

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
సరే, ఒక్కడే అనుకుందాం. మొత్తం బరువు రైతు రికార్డుల ఉంది, పదింటికి చదివినవ్. పది దాటినంక కాంటకాడ ఒక లాట్ బరువు దిద్దిన్రు. నువ్వు లాట్లను వేరే ట్రాన్సాక్షన్‌ల చదువుతవ్. పైన ఒక లెక్క, కింద ఇంకో లెక్క. నేను ఇదివరకు చేసిన కాడ గిట్లనే అయింది. మిర్చి సీజన్, ఆదివారం, అన్నం ముంగట్నుంచి లేపి పిలిచిన్రు. ఎక్సెప్షన్ వస్తే కనీసం తెలుస్తది. ఇది సప్పుడు చెయ్యకుండ తప్పు పట్టీ తీస్తది.

కాజీపేట_జావా:
నీ ఆదివారం కథ నాకెందుకే?

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
రైతు వచ్చి గల్ల పడితే తెలుస్తది ఎందుకో! లాగిన్ సెషన్‌ల రైతు ఐడీ ఒక్కటే దాసుకో. రెండో స్క్రీన్‌ల జాయిన్ ఫెచ్‌తోని రైతును, లాట్లను ఒక్క క్వెరీల తెచ్చుకో. నాలుగు లైన్ల పని, బద్ధకం.

కాజీపేట_జావా:
బద్ధకమా? ఆ నాలుగు లైన్లు సర్వీస్ లేయర్‌ల (స్క్రీన్లకు డేటా తెచ్చిచ్చే కోడ్‌ల) రాయాలె. దాన్ని ముట్టే హక్కు మా స్క్రీన్ల టీమ్‌కు లేదు. మెథడ్ కావాలని మూడుసార్లు అడిగిన. నా చేతుల ఉన్నది గా కాన్ఫిగ్ ఫైల్ ఒక్కటే.

మడికొండ_పార్క్:
గిది మొదలే చెప్పొద్దా అన్నా.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
మా కాడ సర్వీస్ లేయర్‌కు తాళమేసింది నేనే. స్క్రీన్లోల్లు ఒక్కొక్కరు ఒక్కో తీరు క్వెరీ రాస్తే మళ్ల నన్నే లేపుతరు.

కాజీపేట_జావా:
తాళమేసినోడు అడిగినప్పుడు తియ్యాలె గద. మెథడ్ ఇయ్యకుండ, సెట్టింగ్ పెట్టనియ్యకుండ నేనేం చెయ్యాలె?

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
... మీ సీనియర్ ఏమన్నడు?

కాజీపేట_జావా:
సీజన్ అయినంక చూద్దామన్నడు.

భద్రకాళి_బండ్:
అయితే చపాట మిర్చి బస్తాలు అయిపోయేదాక ఆన్‌లనే ఉంచు.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
ఉత్తగనే ఉంచకు. పట్టీ స్క్రీన్‌ల లాట్లు కూడి, రైతు రికార్డుల మొత్తంతోని సరిపోకుంటే ప్రింట్ ఆపు. అది మీ స్క్రీన్ కోడే, ఎవ్వన్ని అడిగే పన్లేదు.