ఇటుక బట్టీ పిల్లల్ని యూడైస్‌లో (బడి పిల్లల వివరాల ఆన్‌లైన్ రికార్డులో) ఎక్కించడం ఎలా?

అందరికీ నమస్కారం. పెద్దపల్లి వైపు ఓ చిన్న సర్కారు బడిలో టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 17 మంది పిల్లలు. ఊళ్లో మిగతావాళ్లంతా పొద్దున్నే ప్రైవేటు బడి బస్సెక్కుతారు. జూన్‌లో బడిబాటకు ఇల్లిల్లూ తిరిగితే ఒకరిద్దరు చేరడమే గొప్ప.

కానీ మా బడికి కిలోమీటరు దూరంలోనే ఇటుక బట్టీలు. ఒడిశా కుటుంబాలు. నిన్న వెళ్తే బడి ఈడు పిల్లలే 11 మంది కనిపించారు. ఎండకు పెట్టిన ఇటుకలు తిరగేస్తున్న ఓ ఎనిమిదేళ్ల పాప నా పెన్ను తీసుకుని, రిజిస్టర్ అట్ట మీద ఒడియాలో తన పేరు రాసి చూపించింది. రెండో తరగతి దాకా చదివిందట.

టీసీ, వయసు సర్టిఫికెట్ లేకున్నా చేర్చుకోవాలని విద్యా హక్కు చట్టంలోనే ఉంది. నా టెన్షనంతా యూడైస్ దగ్గరే. వాళ్ల ఊరి బడిలో పేరు ఇంకా ఉంటే ఇక్కడ ఎలా ఎక్కించాలి? యూడైస్‌లో ఒక్కో విద్యార్థికి ఇచ్చే శాశ్వత సంఖ్య, అదే పెన్ నంబర్, తల్లిదండ్రులకు తెలియదు. ఎండాకాలం చివర్లో వాళ్లు తిరిగి వెళ్లిపోతే డ్రాపౌట్ కింద పడకుండా ఏం చేయాలి? ఒడియా వాచకాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇలాంటి పిల్లల్ని చేర్చుకున్న టీచర్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సోమవారం మళ్లీ వస్తానని ఆ పాపకు మాటిచ్చాను.