పాప పుట్టినరోజు తిథికా, తేదీకా? ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

చిన్ని అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకి ఈ నెల 27తో ఆరేళ్ళు నిండుతాయి. 2020 సెప్టెంబర్ 27, ఆదివారం పుట్టింది. కరోనా రోజులు. ఆపరేషన్ థియేటర్ బయట మా ఆయన ఒక్కరే. మా అమ్మ కరీంనగర్‌లో, అత్తయ్యగారు రాజమండ్రిలో, ఇద్దరూ మనవరాలిని మొదటిసారి వీడియో కాల్లోనే చూసుకున్నారు. బారసాలకి పదిమందిమి. మొదటి పుట్టినరోజూ మాస్కుల మధ్యే అయిపోయింది. ఈసారి 27 మళ్ళీ ఆదివారమే వచ్చిందని సంబరపడి, మా అపార్ట్‌మెంట్ కింద హాలు మాట్లాడేశాం.

మొన్న ఫోన్లో అత్తయ్యగారు ఒక్క మాటతో అడ్డం పడ్డారు. "27 అంటే భాద్రపద బహుళ పాడ్యమి. ఆ రోజు నుంచే మహాలయ పక్షాలు. పితృదేవతల రోజుల్లో బెలూన్లు కడతారా? అయినా పుట్టినరోజంటే తిథే కదమ్మా, అది ఏకాదశి నాడు పుట్టింది" అన్నారు. ఆవిడ లెక్క ప్రకారం దసరా వెళ్ళిన రెండో రోజు, అక్టోబర్ 22, గురువారం. దాదాపు నెల తేడా. పైగా ఏకాదశి కాబట్టి ఆవిడ ఉపవాసం, వండినదేదీ ముట్టరు. మా అమ్మ సంగతి వేరు: "దసరాకొచ్చిన చుట్టాలు ఆడనే ఉంటరు గద, యాట కూర లేకుండ పప్పు పోసి పంపుతవా?" అంటోంది. పాప మాత్రం రోజూ పడుకునే ముందు "ఇంకా ఎన్ని నిద్రలు?" అని అడుగుతోంది. ఎన్నని చెప్పను?

పాత పంచాంగం:
మీ అత్తగారి మాటలో సగం ఒప్పుకుంటాను. జన్మతిథి నాడే చేయాలి. పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, దేవుడి దగ్గర దీపం, మార్కండేయుణ్ణీ చిరంజీవుల్నీ తలుచుకుని నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు తాగించడం, పెద్దల అక్షింతలు, ఇదీ మన పద్ధతి. వెలిగించిన దీపం ఊది ఆర్పి చప్పట్లు కొట్టడం ఎక్కడి ఆచారమో మీకే తెలుసు.

ఇంకో సంగతి. మీ పాప పుట్టింది మామూలు ఆశ్వయుజంలో కాదు, అధిక ఆశ్వయుజంలో. శార్వరి నామ సంవత్సరం అది. అధికమాసంలో పుట్టినవాళ్ళకి అదే పేరున్న నిజమాసంలో చేస్తారు. కాబట్టి నిజ ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి సరైనదే.

గచ్చిబౌలి గోల:
పంచాంగం గారూ, మీకు జీతం తిథి ప్రకారం పడుతుందా? ఈఎంఐ ఏ పక్షంలో కడుతున్నారు? ఆధార్‌లో, స్కూల్లో, పాస్‌పోర్ట్‌లో ఉన్నదే పుట్టినరోజు. పిల్లకి అర్థమయ్యేది అదే.

పాత పంచాంగం:
జీతం తేదీకే పడుతుంది నాయనా. దీపావళి కూడా తేదీకే చేస్తావా?

లెక్కల మాస్టారు:
మీరిద్దరూ కొట్టుకునేలోపు చిన్న లెక్క. చంద్రుడు సూర్యుణ్ణి దాటి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. అందుకే తిథి పుట్టినరోజు ఏటా ఓ పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. అలా వదిలేస్తే కొన్నాళ్ళకి సంక్రాంతి నెలలో దసరా వస్తుంది కాబట్టి, ఏ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడో దాన్ని అధికమాసంగా లెక్కేసి సరిచేస్తారు. పందొమ్మిదేళ్ళలో ఇలాంటివి ఏడు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది గుర్తుందా, మే 17 నుంచి జూన్ 15 దాకా? అదే పండగలన్నిటినీ వెనక్కి నెట్టింది. వినాయక చవితి సెప్టెంబర్ 14న రావడం, 27 వెళ్ళి మహాలయ పక్షాల్లో పడడం దాని చలవే.

పాప తిథి చూడండి: 2022లో అక్టోబర్ 6, 2023లో అక్టోబర్ 25, పోయినేడు అక్టోబర్ 3, ఇప్పుడు 22. ఎప్పుడూ దసరా తోక పట్టుకునే ఉంటుంది, తేదీ మాత్రం నిలవదు. ఇక అసలు సిసలు అధిక ఆశ్వయుజం 2001లో వచ్చింది, 2020లో వచ్చింది, మళ్ళీ 2039లో వస్తుంది. అప్పుడు పాపకి పందొమ్మిది. ఒక రోజు అటూ ఇటుగా తిథీ తేదీ అప్పటికి కలుస్తాయి. అందాకా ఓపిక పట్టగలిగితే మీ ఇంట్లో గొడవే లేదు.

గచ్చిబౌలి గోల:
2039 దాకా కేకు ఫ్రిజ్‌లో పెట్టమంటారు. సరే.

డల్లాస్ నాన్న:
మా దగ్గర తిథీ లేదు, తేదీ లేదు. శనివారం. బుధవారం పుట్టిన పిల్లకీ శనివారమే పుట్టినరోజు, హాలు దొరక్కపోతే పై శనివారం. మా అమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసి "ఇవాళే తిథి" అంటుంది, ఇక్కడి పంచాంగంలో కొన్నిసార్లు అది నిన్నే అయిపోయి ఉంటుంది. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచానికంతా ఒకటే గానీ మా సూర్యోదయం వేరు కదా. మొదట్లో వాదించేవాణ్ణి. ఇప్పుడు "ఆ, చేశామమ్మా" అంటున్నాను. మా ఎదురింట్లో మలయాళీలున్నారు, వాళ్ళది ఇంకో లెక్క, పుట్టిన నక్షత్రం. ఆ పిల్లకి ఏడాదికి రెండుసార్లు పాయసం.

పెద్దవాన:
మహాలయ పక్షం సంగతి జర్ర అడుగుత. ఆ పదిహేను దినాల్ల పెండ్లి చెయ్యరు, ఇల్లు చొరరు, కొత్త బండి కొనరు. మంచిది. మరి ఆ పదిహేను దినాల్లనే పుట్టిన పిల్లలు ఏం జెయ్యాలె? వాళ్లకు తిథి పుట్టినరోజు జిందగీ అంతా పెత్తరమాస ముంగటనే వస్తది. వాళ్లకు అక్షింతలు ఎయ్యరా? మా బిడ్డ బహుళ షష్ఠి నాడు పుట్టింది, భాద్రపదంల. మా అమ్మమ్మ ఒక్క యేడు ఆపలే. పొద్దుగాల తాతకు బియ్యం ఇప్పించేది, పగటీలి పిల్లకు పరమాన్నం పెట్టేది. "మీ తాత ఉంటే వద్దనేటోడా" అంటుండె. గామెకు తను పుట్టిన తారీఖే తెల్వది. ఎప్పుడు పుట్టినవే అంటే "పెద్దవాన కొట్టిన యేడు" అనేది. ఇక్కడ నా పేరు అదే.

పాత పంచాంగం:
పెద్దవాన గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పుట్టినరోజు ముహూర్తం పెట్టే శుభకార్యం కాదు, అది దానంతటదే వస్తుంది. ఆ మాట వరకు 27న కేకు తప్పని నేను అనలేను. హాలు నిండా డీజే వద్దు, అంతే.

కోనసీమ కోడలు:
డీజే సంగతెత్తారు కాబట్టి నేనూ అంటాను. తిథీ తేదీ పక్కన పెట్టండి, ఆ హాల్లో ఆరేళ్ళ పిల్ల ఎంతసేపు నవ్వుతుంది? మా బంధువులమ్మాయి ఐదో పుట్టినరోజుకి వెళ్ళాం. నెట్టు గౌను గుచ్చుకుని మెడంతా దద్దుర్లు. ఫొటోగ్రాఫర్ కేకు మూడుసార్లు కోయించాడు. భోజనాలు మొదలయ్యేసరికి పిల్ల కుర్చీలో నిద్రపోయింది. వచ్చినవాళ్ళు నిద్రపోతున్న పిల్ల పక్కన నిలబడి ఫొటో దిగి కవరు ఇచ్చి వెళ్ళారు. నేనూ దిగాను, ఎవరినో అనడమెందుకు.

గచ్చిబౌలి గోల:
అదీ నిజమే. కానీ అక్టోబర్ 22 అంటే దసరా సెలవులు. పాప స్నేహితులంతా ఊళ్ళలో ఉంటారు. పిల్లకి పుట్టినరోజంటే యూనిఫాం లేకుండా కలర్ డ్రెస్, క్లాసంతా చాక్లెట్లు. ఆ డబ్బా పట్టుకుని టీచర్ల గదికి వెళ్ళేటప్పుడు తోడు రావడానికి ఇష్టమైన స్నేహితురాలిని ఎంచుకునే హక్కు. మా అమ్మాయి ఆ ఎంపిక గురించి వారం ముందు నుంచి ఆలోచిస్తుంది. ఆ భాగ్యం ఏకాదశి నాడు దొరుకుతుందా?

చిన్ని అమ్మ:
27 ఆదివారం కదండీ. స్కూల్లో శనివారం ఇవ్వాలా, సోమవారం ఇవ్వాలా అని అదింకో పంచాయితీ నడుస్తోంది. మూడు పుట్టినరోజులయ్యేట్టున్నాయి.

రిటైర్డ్ టీచర్:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాకు అరవై మూడు. మా ఇంట్లో అన్నయ్య పుట్టినరోజుకి అమ్మ పాలు విరగకుండా పొయ్యి దగ్గరే నిలబడి పరమాన్నం చేసేది. జీడిపప్పు లెక్కపెట్టి వేసేది. నా తిథి ఎప్పుడే అని అడిగితే "రథసప్తమికి అటూ ఇటూలే" అనేది. చిన్నతనం అనేమీ అనిపించేది కాదు, ఆడపిల్లలెవరికీ చేసేవారు కాదు మా వీధిలో. బడిలో వేసినప్పుడు మాస్టారు జులై 1 అని రాసుకున్నారు. నా సర్వీసంతా దాని మీదే నడిచింది. ఆ రోజు బ్యాంకు వాళ్ళు, ఫోన్ కంపెనీ వాళ్ళు శుభాకాంక్షలు పంపిస్తారు.

తిథి మంచిదా తేదీ మంచిదా నాకు తెలియదు. మీ అత్తగారు ఆరేళ్ళుగా మనవరాలి తిథి చూస్తూ కూర్చుంది, అదీ ఆడపిల్లది. ఆవిణ్ణి ఒకటి అడగండి: ఆవిడ పుట్టినరోజు ఎప్పుడు?

కోనసీమ కోడలు:
టీచరుగారూ, మా అత్తగారిని నేనూ ఎప్పుడూ అడగలేదు. పెళ్ళై పద్నాలుగేళ్ళయింది.

గచ్చిబౌలి గోల:
జులై 1 వాళ్ళు మా ఇంట్లో ముగ్గురున్నారు. నాన్న, బాబాయి, అత్త. కవలలు కూడా కాదు.

చిన్ని అమ్మ:
నిన్న రాత్రి అడిగాను. ముందు నవ్వేశారు. "53 వరదలప్పుడు మా అమ్మ కడుపుతో ఉందట. గోదారి తీసిన ఎన్నాళ్ళకి పుట్టానో ఎవరూ రాసుకోలేదు. అందరూ గట్టు మీద గుడిసెల్లో ఉంటే తిథి ఎవడు చూస్తాడు?" అన్నారు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. నేనే "ఉన్నారా అత్తయ్యా" అన్నాను. "ఉన్నానమ్మా, పాలు పొంగుతాయని చూస్తున్నా" అన్నారు.

మీకు ఒకటి చెప్పలేదు. మా బెడ్‌రూం తలుపు వార మీద మా ఆయన ఏటా సెప్టెంబర్ 27న పెన్సిల్‌తో గీత గీస్తారు. మడమ ఎత్తకుండా, తల మీద స్కేలు పెట్టి, పక్కన సెంటీమీటర్లు. పోయినేడు మొదటిసారి పాప మడమ ఎత్తింది, పట్టుబడింది, ఏడ్చింది. ఇది ఒక లెక్క.

అత్తయ్యగారిది ఇంకోటి. పాప మూడో ఏడు ఆకుపచ్చ పట్టు పరికిణీ కుట్టించారు, కింద లోపలికి మూడు మడతలు వేయించి. ఏటా దసరాకి వస్తారు. ఏకాదశి పొద్దున తలంటు పోసి, పరికిణీ కట్టి చూసి, పొట్టయితే బ్లేడుతో ఒక మడత కుట్టు విప్పుతారు. విప్పినచోట పట్టు కొత్తగా మెరుస్తుంటుంది, పైనంతా కాస్త వెలిసిపోయి ఉంటుంది. పోయినేడు ఒక మడత విప్పితే చాలలేదు, రెండోదీ విప్పారు. "ఇదేంటే ఇలా సాగిపోతున్నావు" అని దాని బుగ్గ గిల్లి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు నూనె మండిందేమో అనుకున్నాను. ఇంకొక్క మడతే మిగిలింది.

పెద్దవాన:
రెండూ చెయ్యి బిడ్డా. అడిగేదేముంది ఇండ్ల.

పాత పంచాంగం:
27న హాలు కానివ్వండి. ఆ రోజు పాయసంలోంచి కొంచెం తీసి మీ మామగారి పేరు చెప్పి ఎవరికైనా పెట్టండి, అత్తగారు ఇంకేమీ అనరు. 22న నువ్వుల పాలు మర్చిపోవద్దు. ఏకాదశికి పాలు ఆవిడా తాగొచ్చు.

చిన్ని అమ్మ:
మామగారి మాట చెప్పగానే నిజంగానే మెత్తబడ్డారు. 27న హాలు, డీజే లేదు, నెట్టు గౌను లేదు. స్కూల్లో సోమవారం. మా అమ్మకి యాట కూర దసరా నాడే. ఏకాదశికి నానమ్మ, పరికిణీ, బ్లేడు. అంతా తేలింది అనుకుని పాపకి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, ఊగుతున్న ముందు పన్ను నాలుకతో ఓసారి తోసి అడిగింది: "27న నాకు ఆరు వచ్చేస్తాయి. నానమ్మకి మాత్రం అప్పుడింకా ఐదే. మరి ఆ మధ్యలో నానమ్మ ఫోన్ చేస్తే నాకు ఎన్నని చెప్పాలి?"

మాస్టారూ, ఉన్నారా?