బీఎండబ్ల్యూ ఎం2: విశాఖలో ఉండేవారికి మాన్యువల్ మంచిదా, ఆటోమేటిక్ మంచిదా?

మధురవాడ_వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా కూడబెట్టిన డబ్బుతో ఒక అసలైన స్పోర్ట్స్ కారు కొనాలని నిర్ణయించుకున్నాను. కోటి రూపాయలకు అటూ ఇటూగా, మాన్యువల్ కావాలో ఆటోమేటిక్ కావాలో కొనేవాడికే వదిలిపెట్టే శక్తిమంతమైన కార్లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో నాకు నచ్చింది బీఎండబ్ల్యూ ఎం2. ఇందులో ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కూడా ఉంది. ఎటూ తేల్చుకోలేక మీ ముందుకు వచ్చాను.

నా వాడకం గురించి చెప్పాలి. ఇల్లు మధురవాడలో, ఉద్యోగం పరవాడలో. రోజూ కంపెనీ బస్సులోనే వెళ్తాను కాబట్టి కారు ఆఫీసుకు పోదు. వారంలో కొన్ని సాయంత్రాలు ఊళ్లోకి, అంటే సిరిపురం, జగదాంబ వైపు తిరుగుతుంది. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికో, శృంగవరపుకోట మీదుగా అరకుకో వెళ్లడం నాకు అలవాటు. ఇప్పుడు నడుపుతున్నది పాత స్కోడా లారా ఆర్‌ఎస్, అదీ ఆరు గేర్ల మాన్యువలే. మా ఆవిడ కూడా బండి నడుపుతుంది. కోటి పోసి కొన్నాక కూడా క్లచ్ తొక్కుతూ కూర్చోవడమేమిటన్నది ఆవిడ వాదన.

కంపెనీ అంకెలు చూస్తే, 480 హార్స్‌పవర్ ఉన్న ప్రస్తుత నమూనా ఆటోమేటిక్ అయితే 4.0 సెకన్లలో, మాన్యువల్ అయితే 4.2 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం కూడా ఆటోమేటిక్‌కు 600 న్యూటన్ మీటర్లు ఇచ్చి, మాన్యువల్‌కు 550 దగ్గరే ఆపారు. అన్నిటా ఒక మెట్టు కిందనున్నదాన్ని ఏరికోరి తెచ్చుకోవడంలో అర్థముందా? ఘాట్ రోడ్డు మీద, మన వేడికి, మన ట్రాఫిక్‌కు ఏది బాగా నిలుస్తుందో అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత_కటింగులు:

మీరు ఇచ్చిన అంకెల్లో తప్పు లేదు, కానీ వేగంలో ఏది మిన్న అన్న వాదన ఎప్పుడో ముగిసిపోయింది. 1989లో ఫార్ములా వన్ బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640తో నైజెల్ మాన్సెల్ గెలిచినప్పుడు, స్టీరింగ్ వెనుక ప్యాడిళ్లతో గేరు మార్చే పద్ధతికి అదే మొదటి పోటీ. దారిలోనే ఆగిపోతుందని జట్టువాళ్లే అనుకున్న కారు అది. అంతకు ముందే పోర్షే తన 962 రేసు కారులో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌ను పరీక్షించి, 1986లో మోంజాలో దానితో గెలిచింది. ఆ రెండు క్లచ్‌ల పద్ధతి మామూలు జనం కొనుక్కునే కారులోకి వచ్చింది 2003లో, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో. 2009 నాటి ఫెరారీ 458లోనూ, ఇప్పటి కార్వెట్‌లోనూ క్లచ్ పెడల్ అసలు లేనే లేదు. వేగం ఒక్కటే కొలత అయితే మాన్యువల్‌కు పోటీలో చోటు లేదు.

అయినా అది చావలేదు, కారణం కొనేవాళ్లే. 2013లో పోర్షే 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా మాత్రమే తెచ్చినప్పుడు దాని అభిమానులే గోల పెట్టారు. 2016లో ఆ కంపెనీ 911 ఆర్ పేరుతో 991 కార్లు, అన్నీ మాన్యువల్‌వే, తయారుచేస్తే అవి కొత్త ధరను మించిన ధరకు చేతులు మారాయి. మరుసటి ఏడాదే జీటీ3కి మాన్యువల్ తిరిగి వచ్చింది. తరువాత వచ్చిన 992 తరం జీటీ3లో ఆటోమేటిక్ 3.4 సెకన్లలో వంద అందుకుంటే, మాన్యువల్‌కు 3.9 పడుతుంది. మాన్యువల్ 17 కిలోలు తేలిక, అంతే. అర సెకను పోతుందని తెలిసే దాన్ని ఎంచుకుంటున్నారు. కాబట్టి మీ 0.2 సెకన్లను లెక్కలోంచి తీసేయండి. ఆ తేడా మీకు ఎక్కడ కనబడుతుంది? హనుమంతవాక సిగ్నల్ దగ్గరా?

ఆటోనగర్_షెడ్డు:

ఈ చర్చల్లో ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద వేర్వేరు యంత్రాలను కలిపేస్తుంటారు. నేను గేర్‌బాక్సులు విప్పి కడుపు నింపుకొనేవాణ్ణి కాబట్టి విడదీసి చెప్పనివ్వండి.

చవక కార్లలో వచ్చే ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సు, మామూలు క్లచ్. మన కాలూ చెయ్యీ చేసే పనిని హైడ్రాలిక్ పరికరం చేస్తుంది. 1997లో ఫెరారీ ఎఫ్355కి ప్యాడిళ్లు పెట్టినప్పుడు లోపల జరిగింది కూడా సూత్రరీత్యా ఇదే. 2014లో మారుతి సెలేరియోకు ఆ పరికరాన్ని సరఫరా చేసినదీ, ఆ ఫెరారీకి చేసినదీ మాగ్నెటి మరెల్లీ అనే ఒకే కంపెనీ. నవ్వొచ్చినా నిజం.

రెండు క్లచ్‌ల గేర్‌బాక్సులో బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లు మరో క్లచ్ మీద ఉంటాయి. మీరు మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా పడి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుండగా రెండోది పట్టుకుంటుంది కాబట్టి లాగుడు తెగదు. నూనెలో మునిగి ఉండే క్లచ్‌లు వేడిని నూనెకు ఇచ్చేస్తాయి. పొడి క్లచ్‌లకు ఆ సౌకర్యం లేదు. ఎన్ఏడీ నుంచి గాజువాక దాకా బ్రేకు వదులుతూ పట్టుకుంటూ పాకించినంతసేపూ ఆ పొడి క్లచ్ హాఫ్ క్లచ్‌లోనే ఉన్నట్టు. ఈ వేసవిలో ఒకటి విప్పితే ప్లేటు వాసన షెడ్డంతా కమ్మేసింది. అది రుద్దుకునే ఇనుప ముఖం మీద నెమలికంఠం రంగులో మచ్చలు దేరి, వేలితో తడిమితే వెంట్రుకవాసి చీలికలు తగిలాయి. అది తీసి కొత్త సెట్టు వేయడం తప్ప వేరే మందు లేదు.

మీరు చూస్తున్న ఎం2లో ఈ రెండూ లేవు. పాత తరం ఎం2లో రెండు క్లచ్‌లది ఇచ్చేవారు. ఇప్పటిది టార్క్ కన్వర్టర్. ఇంజను వైపు ఒక చక్రం నూనెను చిమ్ముతుంది, ఆ నూనె ఒత్తిడికి గేర్‌బాక్సు వైపు చక్రం తిరుగుతుంది. పాకించేటప్పుడు జారేది ఆ నూనె, ప్లేటు కాదు. ఆ వేడి కూలర్‌కు పోతుంది. వేగం అందుకోగానే లోపలి లాకప్ క్లచ్ ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తుంది కాబట్టి పాతకాలపు ఆటోమేటిక్‌ల్లా బండి సాగదీసినట్టు ఉండదు. మన ఎండకూ, ఆదివారం సింహాచలం ఘాట్ మీద బారులు తీరిన బండ్ల మధ్య ఆగి ఆగి ఎక్కడానికీ ఈ మూడింటిలో నేను భయపడనిది ఇదొక్కటే.

మాన్యువల్ సంగతికొస్తే, క్లచ్ ఎంతకాలం ఉంటుందన్నది పూర్తిగా ఎడమకాలి మీద ఆధారపడుతుంది. అంత టార్క్‌ను పట్టి ఉంచాలంటే క్లచ్‌ను నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు బలంగా ఉండాలి, పని పడినప్పుడు ఖర్చూ అలాగే ఉంటుంది. మాన్యువల్‌కు టార్క్ తగ్గించి ఇవ్వడం కూడా సాధారణంగా గేర్‌బాక్సు తట్టుకునే హద్దును చూసుకుని చేసే పనే.

అనంతగిరి_మలుపు:

గేర్లు మార్చే సరదా గురించి అందరూ మాట్లాడుతున్నారు కానీ, ఆ సరదాకు మన రోడ్ల మీద ఎంత చోటుందో లెక్క వేసినవారు తక్కువ. ఎం2 మాన్యువల్‌ను ఎర్రగీత దాకా, అంటే ఇంజను తిరగగల గరిష్ఠ హద్దు దాకా లాగితే మొదటి గేరులోనే 60 కిలోమీటర్లు దాటుతుంది, రెండో గేరులో 110 దాకా పోతుంది, మూడోది 160 దాటాక కానీ అయిపోదు. కార్లకు నాలుగు వరుసల జాతీయ రహదారి మీద చట్టం అనుమతించే గరిష్ఠ వేగం 100. అంటే ఆనందపురం నుంచి అనకాపల్లి బైపాస్ మీద కూడా, ఇంజనును దాని పూర్తి గొంతుతో వింటూ మీరు మార్చగల గేరు ఒక్కటే, ఒకటి నుంచి రెండుకు. ఆ తరువాత లైసెన్సు గురించి ఆలోచించుకోవాలి.

ఘాట్ సంగతి ఇంకా విచిత్రం. శృంగవరపుకోట దాటి ఎక్కడం మొదలుపెట్టాక, డముకు వ్యూ పాయింట్ చుట్టుపక్కల మలుపుల్లో మీ వేగం ఎంత ఉంటుంది? ముందు పర్యాటకుల బస్సు, దాని ముందు ఇటుకల లారీ, ఎదురుగా హారను కొట్టకుండా వచ్చే జీపు. 30, 35 దాటదు. ఆ వేగంలో ఎం2 రెండో గేరులో రెండు వేల పైచిలుకు ఆర్‌పీఎం దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంది. ఎదుటి రోడ్డు ఖాళీ అయి తొక్కారంటే, టర్బోలు అక్కడి నుంచే లాగి తదుపరి మలుపు దగ్గర పడేస్తాయి. మూడో గేరు వేసేలోపు బ్రేకు తొక్కాల్సి వస్తుంది. అలా అనంతగిరి దాకా రెండో గేరులోనే ఎక్కేసి, కాఫీ తోటల దగ్గర దిగి చూసుకుంటే ఎడమకాలు చేసిన పని పెద్దగా ఉండదు.

అదే దారిలో మీ లారా ఆర్‌ఎస్‌ను తలచుకోండి. దాని 160 హార్స్‌పవర్‌ను సరైన చోట ఉంచాలంటే మలుపుకు ముందు మూడు నుంచి రెండుకు దించాలి, దించేటప్పుడు కుడికాలి వేళ్లతో బ్రేకు పట్టి మడమ అంచుతో ఆక్సిలరేటర్ తట్టాలి, బయటికొచ్చాక మళ్లీ మూడు. ఒక్కో మలుపూ ఒక పని. మాన్యువల్ ఇచ్చే ఆనందమంతా ఆ పనిలోనే ఉంది, అది శక్తి తక్కువ ఉన్న కారులోనే మనకు చట్టబద్ధంగా దొరుకుతుంది. శక్తి పెరిగేకొద్దీ గేర్లు పొడవవుతాయి, పని తగ్గుతుంది. ఏడాదికి కొన్నిసార్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ దాకా వెళ్లేవారైతే నా సమాధానం వేరేగా ఉండేది. మీరు అలా చెప్పలేదు. కనుక ఎం2ను ఆటోమేటిక్‌గానే కొనండి, లారాను మాత్రం అమ్మకండి.

ఉప్పుగాలి:

అనంతగిరి_మలుపు గారి లెక్కను ఒప్పుకుంటాను, తీర్పును ఒప్పుకోలేను. గేరు మార్చడమంటే ఎర్రగీత దాకా లాగడమేనని ఆయన ముందే అనుకుని లెక్క మొదలుపెట్టారు. రుషికొండ దాటాక భీమిలి రోడ్డు మీద 50, 60లో పోతూ మూడు నుంచి నాలుగుకు వేసుకోవడం, ఎర్రమట్టి దిబ్బల దగ్గర జనాన్ని చూసి మళ్లీ మూడుకు దించడం, వీటికి ఇంజను అరవనక్కరలేదు. రాడ్ గాడిలో పడేటప్పుడు అరచేతికి తగిలే ఆ చిన్న అడ్డు, క్లచ్ పట్టే చోటును కాలు గుర్తుపట్టడం, ఇవి 60లో ఎలా ఉంటాయో 160లోనూ అలాగే ఉంటాయి. పైగా ఆటోమేటిక్ ఎం2లో 60 అంటే నిద్ర వచ్చే వేగం. చేతికి పనిలేనివాడు ఆ పనిలేమిని ఆక్సిలరేటర్ మీద తీర్చుకుంటాడు. మాన్యువల్ నడిపేవాడికి నెమ్మదిగా పోయినా చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. మన బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్ల సంఖ్య చూస్తే ఇది చిన్న విషయం కాదు.

లారాను ఉంచుకోమన్న సలహా మాత్రం బంగారం. అయితే రెండు కార్లు పెట్టుకునే చోటు అపార్ట్‌మెంటు సెల్లారులో దొరకాలి కదా.

మధురవాడ_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. సెల్లారులో నాకున్నది ఒకే చోటు, కాబట్టి లారా వెళ్లక తప్పదు. ఆటోమేటిక్ తీసుకుంటే అరకు నుంచి దిగేటప్పుడు సంగతేమిటి? లారాలో రెండో గేరులో వదిలేస్తే ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఆటోమేటిక్ దానంతటదే పై గేరు వేసుకుని బ్రేకుల మీద భారం వేస్తుందేమోనని నా అనుమానం.

ఆటోనగర్_షెడ్డు:

డ్రైవ్‌లో వదిలేసి దిగితే మీరు చెప్పినట్టే జరిగే అవకాశం ఉంది. సాయంత్రం పూట శృంగవరపుకోట వైపు దిగొచ్చి పొగలు కక్కే బ్రేకులతో రోడ్డు పక్కన ఆగే బండ్లలో సగం ఆ బాపతే. సెలెక్టరును మాన్యువల్ మోడ్‌లోకి తోసి, ఎడమ ప్యాడిల్‌తో రెండో గేరుకు దించండి. అప్పుడు లాకప్ క్లచ్ బిగిసే ఉంటుంది, ఇంజను మీ లారాలో పట్టినట్టే పడుతుంది. దిగువకు వచ్చేదాకా అలాగే ఉంచండి.

ఇక టెస్ట్ డ్రైవ్ సంగతి. షోరూము వాళ్లు ఖాళీ హైవే మీదికి తీసుకెళ్తామంటే మొహమాటపడకుండా వద్దనండి, అక్కడ రెండూ బాగానే ఉంటాయి. మాన్యువల్ దొరికితే సాయంత్రం ఆరున్నరకు మద్దిలపాలెం నుంచి ఆశీల్‌మెట్ట దాకా తీసుకెళ్లి, మీ ఆవిడనూ కాసేపు నడపమనండి. అక్కడ ఆవిడకు ఇబ్బంది లేదంటే మాన్యువల్ తీసుకోండి, ఉందంటే ఆటోమేటిక్‌కే అడ్వాన్సు కట్టేయండి.