అప్‌డేట్: దిండి రిసార్టులో స్టాఫే ముందుకొచ్చారు

అందరికీ నమస్కారం. వశిష్ఠ గోదావరి ఒడ్డున మా చిన్న రిసార్టులో ప్లాస్టిక్, కరెంటు, నీటి వాడకం తగ్గించాలంటే నోటీసులు అంటించినా ఎవరూ పట్టించుకోవడం లేదని ఇంతకుముందు అడిగాను. స్టాఫ్‌లో మిగతావాళ్లు మాట వినే ఒకరిద్దరికి ఆ బాధ్యత ఇవ్వమని మీలో చాలామంది చెప్పారు. అలాగే చేశాం.

హౌస్‌కీపింగ్‌లో సీనియర్ అక్క ఒప్పుకున్నారు. అసలు అడ్డంకి ఏమిటో ఆవిడ వల్లే తెలిసింది. టవల్ మార్చకపోతే గెస్టు కంప్లైంట్ చేస్తారని, ఆ మాట తమ మీదకే వస్తుందని రూములు చూసే స్టాఫ్‌కు టెన్షన్. అందుకే కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడతారని, బకెట్లో వేస్తే ఉతకాలని చెక్-ఇన్‌లోనే చెబుతున్నాం. కంప్లైంట్ వస్తే జవాబు మేనేజరుదే. ఈ ఒక్క హామీతో చాలా మారింది.

ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టడం కూడా వాళ్లే చూసుకుంటున్నారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) చెబుతోంది.

వంటగదిలో మాత్రం ఇంకా ఇబ్బందే. తడి, పొడి చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, కానీ పెళ్లిళ్ల రద్దీలో అన్నీ కలిసిపోతున్నాయి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై నుంచే నిషేధం కాబట్టి కొబ్బరిబోండాలకు పేపర్ స్ట్రాలు ఇస్తున్నాం. ఇవన్నీ చూసుకోవడానికి అదనపు సమయం పడుతోంది కాబట్టి అక్కకు డ్యూటీలోనే వారానికి ఒక పూట కేటాయించమని ఓనరుగారిని అడిగాను. ఆయన సరేనన్నారు.