బడిలో హ్యాండ్‌బాల్ మొదలుపెట్టాలి, రెండే బంతులున్నాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టను?

కొత్త పీఈటీ, సూర్యాపేట వైపు

అందరికీ నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేరి ఏడాదిన్నర అయింది. 6 నుంచి 10 దాకా 190 మంది పిల్లలు. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో బాగానే నడుస్తాయి. నేను డిగ్రీలో హ్యాండ్‌బాల్ (బంతిని చేత్తో విసిరి గోల్ కొట్టే ఆట) ఆడిన, ఆ ఆట ఇక్కడ పెట్టాలని ఆశ. మా హెచ్‌ఎం సార్‌కి చెప్తే "వాలీబాల్ ఉంది కదా, మళ్ళీ అదెందుకు?" అన్నరు. పిల్లలేమో ఫుట్‌బాల్‌ను చేత్తో ఆడుడు అనుకున్నరు (సార్ కంటే వాళ్ళే నయం).

నా దగ్గర 2 బంతులున్నాయి, రెండూ సైజ్ 3. గోల్ పోస్టులు లేవు. గ్రౌండ్ పెద్దదే కానీ వానలు పడితే సగం చెరువే. ఈ ఏడాది అండర్-14 సెలెక్షన్స్‌కి ఒక జట్టును దింపగలనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ పీడీ, బాపట్ల

తమ్ముడూ, సెలెక్షన్స్ ఊసు ఈ ఏడాదికి వదిలెయ్. ఎందుకంటున్నానో చెప్తా.

పాతికేళ్ళ కిందట నేనూ ఇదే ఊపుతో దిగాను. కబడ్డీలో కాళ్ళ బలమున్నవాళ్ళనీ, పొడుగువాళ్ళనీ 12 మందిని ఏరి, పొద్దున్నే ఆరింటికి ప్రాక్టీసు పెట్టాను. జిల్లా పోటీలకి వెళ్తే వచ్చినవి మూడే జట్లు. రెండు మ్యాచ్‌లు గెలిచి కప్పు పట్టుకొచ్చాం, ఊళ్ళో మేళంతో ఊరేగింపు కూడా అయింది. మరుసటి ఏడు నాకు బదిలీ. రెండేళ్ళ తర్వాత అటు వెళ్తే, గోల్ పోస్టుల మధ్య మధ్యాహ్న భోజనం కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ పన్నెండు మందితో పాటు ఆట కూడా టీసీ తీసుకుని వెళ్ళిపోయింది.

కబడ్డీకి ఆ బాధ లేదు. పీఈటీ లేకపోయినా ఆదివారం పక్క ఊరివాళ్ళు పందానికి వస్తారు. హ్యాండ్‌బాల్‌కి పక్క ఊరే లేదు. అందుకని నీ మొదటి పని మీ బడిలో కాదు, మీకు సైకిల్ దూరంలో ఉన్న బడిలో. ఆ పీఈటీని టీకి పిలిచి, నీ రెండు బంతుల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టు. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. నెలకో శనివారం వాళ్ళతో ఆట ఉందంటే మీ పిల్లలు మిగతా రోజులన్నీ వాళ్ళంతట వాళ్ళే ఆడతారు.

ఇక బంతి. సైజ్ 3 అంటే 58 నుంచి 60 సెంటీమీటర్ల చుట్టుకొలత, 16 దాటిన మగపిల్లల బంతి. ఆరో తరగతి పిల్లాడి చేతికి అది గుమ్మడికాయే. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలకీ, 14 లోపు ఆడపిల్లలకీ సైజ్ 1, అంటే 50 నుంచి 52. ఒంటిచేత్తో పట్టు దొరక్కపోతే పిల్లలు రెండు చేతులతో తోయడం అలవాటు చేసుకుంటారు, తర్వాత అది వదిలించడం నా వల్ల కాలేదు. వాలీబాల్‌తో సరిపెట్టుకోవద్దు, దాని చుట్టుకొలత 65 పైమాటే. కొనేదాకా నేను చేసిన పని: పాత ఫుట్‌బాల్ మేజోళ్ళలో గుడ్డపేలికలు కూరి, టైలర్ టేపుతో 50 సెంటీమీటర్లు కొలిచి, పురికొస చుట్టి కుట్టించాను. ఎగరదు. ఎగరకపోవడమే మేలు, డ్రిబ్లింగ్ జోలికి పోకుండా పాసింగ్ నేర్చుకుంటారు.

వాలీబాల్ మనిషి, వరంగల్

గ్రౌండ్ సగం చెరువైతే చిన్న కోర్టుతో మొదలుపెట్టు అన్నా. మినీ హ్యాండ్‌బాల్‌కి 20 బై 13 మీటర్లు చాలు, ఒక్కో వైపు నలుగురు, ఒక గోలీ (గోల్‌కీపర్). వాలీబాల్ కోర్టు 18 బై 9, చుట్టూ 3 మీటర్ల ఖాళీ కలిపితే 24 బై 15. నెట్ విప్పేస్తే కోర్టు రెడీ!

రిటైర్డ్ పీడీ, బాపట్ల

నెట్ విప్పుతావు సరే, స్తంభాలో? అవి పక్క గీతకి అర మీటరు, మీటరు అవతల ఉంటాయి. కోర్టు వెడల్పు 13 చేస్తే రెండు స్తంభాలూ ఆట మధ్యలోకి వస్తాయి. వెనక్కి చూస్తూ పరిగెత్తే పిల్లాడు నేరుగా వెళ్ళి గుద్దుకుంటాడు. ఊడదీసేవైతేనే ఆ పని చెయ్యండి. సిమెంటుతో పాతినవైతే ఆ చోటు వద్దు.

వాలీబాల్ మనిషి, వరంగల్

నిజమే సార్, ఆ ముక్క తట్టలేదు.

కేజీబీవీ పీఈటీ, అనంతపురం

మా దగ్గర మూడేళ్ళుగా ఆడపిల్లలు ఆడుతున్నారు కాబట్టి గోల్ సంగతి నేను చెప్తాను సార్.

అసలు గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. వెల్డింగ్ షాపులో పైపులతో చేయించుకోవచ్చు, కానీ నేలలో పాతడమో, వెనక మేకులు కొట్టి గొలుసుతో బిగించడమో చేయకుండా ఒక్కరోజు కూడా వాడకండి. పిల్లలు పై పైపు పట్టుకుని వేలాడతారు, బోర్లా పడితే ప్రాణం మీదికొస్తుంది. ముందుగా గోడ మీద సున్నంతో గీసిన గోల్ చాలు. మొదటి ఏడాది మాది అదే.

గోల్ ముందు వంపుగా గీసే 6 మీటర్ల గీతకి లెక్కల మేడమ్‌ని పిలవండి. రెండు పోస్టుల దగ్గర చెరో మేకు కొట్టి, 6 మీటర్ల తాడుతో గోల్ లైన్ నుంచి ముందుకు చెరో పావు వృత్తం తిప్పి, ఆ రెండు కొసల మధ్య 3 మీటర్ల సరళరేఖ కలిపితే అయిపోయింది. ముగ్గుపిండి వేసే పని మా పిల్లలు నాకు వదల్లేదు. పూర్తి కోర్టులో 9 మీటర్ల చుక్కల గీతకీ ఇదే పద్ధతి, కాకపోతే ఆ వంపు గోల్ లైన్ దాకా రాదు, పక్క గీతకే తగిలి ఆగిపోతుంది. మా పిల్లలు తాడు పొట్టిదేమో అనుకుని రెండుసార్లు చెరిపారు.

అసలు కష్టం గోలీ. ఎవరూ నిలబడరు. నిలబడ్డ పిల్ల కళ్ళు మూసుకుంటుంది. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మొదటి వారం బంతి వస్తుంటే వెనక్కి తిరిగిపోయేది. గుడ్డబంతితో, మూడు మీటర్ల నుంచి, నడుము కింద మాత్రమే వేయించాను. పట్టుకోవద్దు, తగిలితే చాలు అన్నాను. తగిలిన ప్రతిసారీ బంతి మీద రాసిన అంకె పైకి చదవాలి. అంకె చదవాలంటే కళ్ళు తెరవాల్సిందేగా! పది రోజుల్లో ఆ పిల్లే "ఇంకా గట్టిగా వెయ్యవే" అని అరిచింది. మొహం మీదికి వేసేవాళ్ళని మాత్రం ఆ రోజుకి ఆట నుంచి తీసేయండి, బతిమాలినా సరే.

రిటైర్డ్ పీడీ, బాపట్ల

అంకె చదివించడం బాగుందమ్మా, నాకూ తెలియదు.

తమ్ముడూ, ఇంకొక్కటి. మొదటి నెల రూల్స్ పుస్తకం తియ్యకు. పది పాసులాట ఆడించు: ఎదుటివాళ్ళకి చిక్కకుండా పది పాసులు పూర్తయితే ఒక పాయింటు. బంతి చేతిలో ఉండగా మూడు అడుగులు, మూడు సెకన్లు దాటకూడదన్న రూలు అందులోనే వచ్చేస్తుంది. విసరడం ఏడుపెంకులాట ఆడిన ప్రతి పిల్లకీ వచ్చు, మోచెయ్యి భుజం ఎత్తులో ఉండేలా చూస్తే చాలు. బాగా తంటా పడేది జంప్ షాట్‌కి. కుడిచేతి పిల్లలు ఎడమ, కుడి, ఎడమ అని వేసి ఎడమకాలి మీద ఎగరాలి, చాలామంది కుడికాలి మీద లేస్తారు. నేల మీద సున్నంతో మూడు పాదాలు గియ్యి. 6 మీటర్ల గీత తొక్కకుండా ఎగిరి, కాలు నేలకి ఆనకముందే బంతి వదిలితే గోల్ చెల్లుతుంది. పిల్లలకి ఈ ఆట పిచ్చి పట్టేది ఆ గాల్లో ఉన్న క్షణంలోనే.

ఒక తండ్రి, గుంటూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి సార్. మావాడు తొమ్మిదో తరగతి, హ్యాండ్‌బాల్ అంటున్నాడు. దీనివల్ల ఏమన్నా ఉంటుందా?

కేజీబీవీ పీఈటీ, అనంతపురం

ఉంటుంది, కానీ క్రికెట్‌లా ఊహించుకోకండి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఆటల జాబితాలో హ్యాండ్‌బాల్ ఉంది. పెద్దయ్యాక బాగా ఆడేవాళ్ళని సర్వీసెస్ (సైనిక దళాలు), రైల్వేస్ లాంటి జట్లు తీసుకుంటాయి. 2023లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ జరిగింది, తెలుగు టాలన్స్ అని మన పేరుతో ఒక జట్టు ఆడింది. 2022లో మన జూనియర్ అమ్మాయిలు కజకిస్తాన్‌లోని ఆల్మటీలో ఆసియా టైటిల్ గెలిచారు. అయినా సర్టిఫికెట్ కోసమే పంపిస్తే రెండు నెలల్లో వాడికి విసుగొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆట గురించి మాట్లాడుతున్నాడా లేదా చూసుకోండి.

కొత్త పీఈటీ, సూర్యాపేట వైపు

ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి క్షమించండి. పీడీ సార్ చెప్పినట్టే ఒక బంతి పక్క మండలంలో ఉన్న దోస్తుకిచ్చిన. గుడ్డబంతులు ఆరు కుట్టించిన, టైలర్ పైసలు తీసుకోలే. ఏడో తరగతి మొత్తం ఆడుతుంది, 38 మంది. మొన్న శనివారం వాళ్ళు ఆటోలో వచ్చిండ్రు. మేం 11-6తో ఓడినం. పోయేటప్పుడు మా పిల్లలే ఆటో వెంట ఉరికి "మళ్ళెప్పుడొస్తరు?" అని అడిగిండ్రు. హెచ్‌ఎం సార్ కుర్చీ వేసుకుని కూర్చుని, మొత్తం చూసి, "ఇది వాలీబాల్ కాదు" అన్నరు.

ఒక సందేహం. మా దాంట్లో ఎడమచేతి వాటం పిల్ల ఒకతుంది. ఎక్కడ ఆడించాలె?

రిటైర్డ్ పీడీ, బాపట్ల

కుడి వైపు పెట్టు. ఆ వైపు నుంచి కుడిచేతివాళ్ళకి గోల్ సగమే కనిపిస్తుంది, ఎడమచెయ్యి అయితే మొత్తం తెరుచుకుంటుంది. ఆ పిల్లకి సున్నం పాదాలు తిరగేసి గియ్యడం మర్చిపోకు: కుడి, ఎడమ, కుడి.