సొంత కరెంటు, సొంత నీళ్లు: మామూలు సంసారానికి గిట్టుబాటు అవుతాయా?

ఇంటి కరెంటు, నీటి అవసరాలను వీలైనంతవరకు మేమే తీర్చుకోవాలని ఉంది గాని, నెల జీతం మీద నడిచే సంసారానికి అది తాహతుకు మించిన పనేమోనన్న సందేహం తీరడం లేదు. వాననీటి లెక్క సులువే: 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1,000 లీటర్లు (తొలి వాన మురికిని వదిలేస్తే కొంత తగ్గుతుంది). అసలు చిక్కు, సొంత కరెంటును రాత్రికి నిల్వ చేసుకునే బ్యాటరీలతోనే. లెడ్ యాసిడ్ రకం చవకే అయినా, రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక, రాత్రంతా ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు నడవడానికి 2 యూనిట్లు కావాలంటే 4 యూనిట్ల సామర్థ్యం కొనవలసి వస్తుంది. లిథియం రకం ఎక్కువ కాలం మన్నుతుంది గాని, మొదటే పెద్ద మొత్తం పెట్టాలి. బ్యాటరీ మార్పిడి ఖర్చును కూడా కలుపుకుంటే మీ పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగి వచ్చిందో, అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరా?